స్టూలు మీద కూర్చున్న మనిషి

మా నాన్నను చూసుకోవడానికి పెట్టుకున్న మొదటి అటెండెంట్‌ను పనిలోంచి తీసేసింది నేనే. పని చేయడం లేదన్నది కారణం. సాక్ష్యం కూడా ఉంది, నాన్న గదిలో బీరువా మీద పెట్టించిన కెమెరా.

ఒక రోజు ఉదయం ఆఫీసులో కూర్చోగానే అలవాటుగా ఫోన్ తీసి చూశాను. నాన్న స్నానం అయిపోయినట్టుంది. మంచం అంచున కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి. గుండీ కాజా దాకా వచ్చి జారిపోతోంది. ఎదురుగా స్టూలు మీద అటెండెంట్, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఒక గుండీ పడింది. రెండోది జారింది, మళ్లీ జారింది. అతను కదల్లేదు. నేను స్క్రీన్ మీద టైం చూస్తూ ఉండిపోయాను. ఐదు గుండీలకు 18 నిమిషాలు. అన్ని నిమిషాల్లో ఆ మనిషి ఒక్కసారి కూడా స్టూలు మీంచి లేవలేదు.

వీడియో అక్కకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది. "ఒరేయ్, మనం జీతం ఇస్తోంది కూర్చోడానికా?" అంది. ఆ సాయంత్రమే అతనికి చెప్పేశాం. గొడవ పెట్టుకోలేదు, కారణం కూడా అడగలేదు. నాన్న చెప్పులు రెండూ మంచం పక్కన ఆయన కాలికి అందేలా సర్ది, బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు.

మా కెమెరాలో బొమ్మ కనిపిస్తుందే గానీ మాట వినపడదు. ఆ 18 నిమిషాలూ అతను ఏం చెబుతున్నాడో, నాన్న ఏమంటున్నాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఇప్పుడు ఇది రాయడానికి కారణం, ఈ మధ్య స్నేహితుల్లో ఎవరిని కదిపినా ఇదే మాట. తల్లికో తండ్రికో ఇంట్లో మనిషిని పెట్టాలి, ఎలాంటి మనిషి కావాలి, ఏం అడగాలి. అందరూ చెప్పే సలహా ఒకటే: చురుగ్గా ఉండాలి, అన్నీ తనే చూసుకోవాలి, పెద్దవాళ్లకు ఏ కష్టమూ తెలియనివ్వకూడదు. నేనూ ఒకప్పుడు సరిగ్గా అదే అడిగాను. అడిగినట్టే దొరికింది కూడా. దాని ఫలితం ఏమిటో చూశాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ప్రేమకొద్దీ అన్నీ చేసిపెట్టేసి, పెద్దవాళ్లు మంచాన పడే రోజును మనమే దగ్గరికి లాక్కొస్తున్నాం.

నాన్నకు అప్పుడు 79. బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. అమ్మకు 74, నడుం నొప్పి. నేనూ అక్కా ఉద్యోగాల్లో. మనిషిని పెట్టక తప్పలేదు. అలా వచ్చినవాడే ఆ మొదటాయన, యాభై ఏళ్లుంటాయి, మాట తక్కువ. ఏడు వారాలు ఉన్నాడు. ఆ ఏడు వారాల చివర్లో నాన్న వాకర్ పట్టుకుని వరండా దాకా వచ్చి కూర్చునేవాడు. అదంతా ఆపరేషన్ గొప్పతనం అనుకున్నాం.

తర్వాత వచ్చిన కుర్రాడు మెరుపు. పది నిమిషాల్లో స్నానం, రెండు నిమిషాల్లో బట్టలు. గడ్డం గీసేవాడు, తల దువ్వేవాడు, చెంచాతో తినిపించేవాడు. నాన్న ఎప్పుడు చూసినా కడిగిన ముత్యంలా కూర్చుని ఉండేవాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. కెమెరాలో ఎప్పుడు చూసినా కుర్రాడు ఏదో ఒకటి చేస్తూనే ఉండేవాడు. పండక్కి అతనికి అదనంగా డబ్బులిచ్చి మరీ మెచ్చుకున్నాం.

నాలుగు నెలల తర్వాత ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి మళ్లీ చూడటానికి వచ్చింది. వాళ్లకో చిన్న పరీక్ష ఉంటుంది, 1991 నుంచీ వాడుకలో ఉన్నదే. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి మళ్లీ కూర్చోవాలి. ఎంతసేపు పట్టిందో చూస్తారు. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ తీసుకుంటే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. మొదటాయన ఉన్నప్పుడు నాన్నకు 31 సెకన్లు పట్టింది. అది గొప్పేమీ కాదు, కానీ వాకర్‌తో అయినా లేచాడు, నడిచాడు, కూర్చున్నాడు. ఈసారి ఆ అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుని, "లేవండి నాన్నగారూ" అంది.

నాన్న రెండు చేతులూ ముందుకు చాచాడు. అలాగే ఉండిపోయాడు. ఎవరో వచ్చి లేపుతారని చూస్తున్నాడు.

ఆ అమ్మాయి స్టాప్‌వాచ్ ఆపేసి అమ్మ వైపు తిరిగి అడిగింది: "ఇంట్లో ఈయన తన పనులు ఏమేం చేసుకుంటారండీ?" అమ్మ కాస్త గర్వంగానే చెప్పింది: "ఆయన ఏం చేసుకోనక్కర్లేదమ్మా, అన్నీ మేమే చూసుకుంటున్నాం."

ఆ జవాబు విన్నప్పుడు ఆ అమ్మాయి మొహం నాకింకా గుర్తుంది.

ఆమె ఆ రోజు చెప్పినవాటితో పాటు, తర్వాత నేను చదువుకున్నవీ ఇక్కడ కలిపి చెబుతాను. మొదటిది కండ సంగతి. 2007లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఏ జబ్బూ లేని పెద్ద వయసువాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ పది రోజుల్లో వాళ్ల కాళ్లలోని కండ సగటున కిలో దాకా తగ్గింది. జబ్బు లేనివాళ్లకు, పది రోజులకు! నాన్నకు మేమిచ్చింది నాలుగు నెలల విశ్రాంతి. వయసులో ఉన్నవాళ్లకు వారం పాటు జ్వరం వచ్చి తగ్గితే నెలలో మామూలైపోతారు. ఎనభైలకు చేరువైనవాళ్లకు కండ కరిగినంత తేలిగ్గా తిరిగి రాదు.

తిరిగి రాదని కాదు. 1994లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలి బృందం వృద్ధాశ్రమంలో ఉండే వందమంది మీద పదివారాలు పరిశోధన చేసింది. సగటు వయసు 87. వాళ్లలో బరువులతో వ్యాయామం చేసినవాళ్ల కండబలం రెట్టింపు దాటింది. ఎనభై ఏడేళ్లకు! ఇది చదివినప్పుడు సంతోషం కంటే ఒళ్లు మండటమే ఎక్కువైంది నాకు, నా మీద నాకే. కుర్చీలోంచి తనంతట తను లేవడం కూడా ఆ వయసువాళ్లకు ఒక రకంగా బరువులెత్తడమే. రోజుకు ఇరవై సార్లు దొరికే ఆ వ్యాయామాన్ని మేం డబ్బులిచ్చి మరీ మాన్పించాం.

రెండోది, పనుల వరుస. సిడ్నీ కాట్జ్ అనే అమెరికా వైద్యుడు తన బృందంతో కలిసి 1963లో ఒక కొలమానం ప్రచురించాడు. ఇవాళ్టికీ వృద్ధుల సంరక్షణలో దాన్నే వాడుతున్నారు. అందులో ఉన్నవి ఆరే పనులు. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్లిరావడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు అదుపులో ఉండటం, తినడం. ఆయన గమనించినవాళ్లలో మా నాన్నలా తుంటి విరిగినవాళ్లు కూడా ఉన్నారు. కోలుకునేటప్పుడు ఈ పనులు ఒక వరుసలో తిరిగి వస్తాయనీ, అది పసిపిల్లలు నేర్చుకునే వరుసను పోలి ఉంటుందనీ ఆయనకు కనిపించింది. తనంతట తను తినడం ముందు వస్తుంది, స్నానం అన్నిటికంటే చివర వస్తుంది.

ఈ లెక్కన మా ఇంట్లో ఏం జరిగిందో చూడండి. అన్నిటికంటే ముందు తిరిగి రావాల్సిన పని, తన చేత్తో తను తినడం. దాన్ని కూడా చెంచాతో లాగేసుకున్నాం. బట్టల మీద ఒలుకుతోందని. తుడవడం ఎందుకు, తినిపిస్తే పోయేదానికి అని.

ఇక్కడ ఆ కుర్రాడిని తప్పు పట్టాలని నాకు లేదు. అతనితో కూర్చుని మాట్లాడాక తెలిసింది. అంతకు ముందు పనిచేసిన ఇంట్లో, ముసలాయన చేత నడిపిస్తుంటే కోడలు "మా మామగారిని కష్టపెడుతున్నావేంటి" అని కేకలేసిందట. ఇంకో ఇంట్లో, ఊరికే నిలబడ్డావని మాటపడ్డాడు. మేం దేన్ని మెచ్చుకున్నామో అదే అతను చేశాడు. కెమెరా ఉందని అతనికీ తెలుసు. కెమెరాకు చేతులు కదలడమే కనిపిస్తుంది. కదలకుండా ఉండటానికి ఎంత ఓపిక కావాలో దానికెలా తెలుస్తుంది? దాని వెనక కూర్చున్న నాకే తెలియలేదు.

అతన్ని తీసెయ్యలేదు. ఈసారి మేమే మారాల్సి వచ్చింది.

ఫిజియోథెరపిస్ట్ నేర్పినదాంట్లో నాకు బాగా ఉపయోగపడింది ఒకటే. స్నానం ఒక పని కాదు. కుళాయి తిప్పడం, నీళ్లు చేత్తో చూసి వేడి సరిపోయిందో లేదో చెప్పడం, మొహం కడుక్కోవడం, సబ్బు పట్టుకోవడం, ఛాతీ రుద్దుకోవడం, ఒక చేత్తో రెండో చెయ్యి రుద్దుకోవడం, వీపు, తొడలు, పాదాలు, లేచి నిలబడటం, తుడుచుకోవడం. ఇలా విడగొడితే ఓ పదిహేను పనులు తేలాయి. వాటిలో నాన్నకు నిజంగా చేతకానివి నాలుగు: వీపు, పాదాలు, లేచి నిలబడటం, తడి నేల మీద నడవడం. మిగతా పదకొండూ ఆయన చేయగలడు, నెమ్మదిగా. పది నిమిషాల స్నానం నలభై నిమిషాలైంది. బాత్రూంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, చేత్తో పట్టుకునే షవర్, గోడకు రెండు కడ్డీలు వచ్చాయి. కుర్రాడికి మొదట్లో చేతులు ఊరుకునేవి కాదు. సబ్బు కింద పడగానే వంగేవాడు. "ఆగు, ఆయన అడిగితే ఇవ్వు" అని చెప్పడానికి నేను బాత్రూం తలుపు దగ్గర కాపలా ఉండేవాణ్ణి. నవ్వొస్తుంది తలుచుకుంటే. నిన్నటిదాకా చేయడం లేదని కాపలా, ఇవాళ చేస్తున్నాడని కాపలా.

మంచం, కుర్చీ ఎత్తులు కూడా మార్చాం. సోఫాలో కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి వస్తాయి, అందులోంచి లేవడం బలమున్నవాడికే కష్టం. గట్టి సీటు, రెండు పక్కలా చేతులు ఉన్న కాస్త ఎత్తు కుర్చీ తెచ్చాం. పాదాలు వెనక్కి జరిపి, ముక్కు కాలివేళ్ల మీదుగా వచ్చేంత ముందుకు వంగి, చేతులతో కుర్చీని కిందికి నొక్కుతూ లేవాలి. ఇదంతా మనం రోజూ తెలియకుండా చేసేదే. ఆయన మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. మొదటివారం మూడుసార్లు లేచాడు. లేచిన ప్రతిసారీ మా వైపు చూసేవాడు.

అక్క ఒప్పుకోలేదు. ఆమె వాదనలో బలం లేదనను. "పడితే? ఇంకోసారి పడితే మళ్లీ లేస్తాడా? నీ ప్రయోగాలు నాన్న మీద చేయకు." ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది కిందపడటం వల్ల చనిపోతున్నారు, అందులో ప్రాణాపాయం ఎక్కువ ఉండేది అరవై దాటినవాళ్లకే. భయం ఉత్తది కాదు. కానీ పడతాడేమోనని కూర్చోబెట్టేస్తే ఆ కూర్చోవడంలోనే కండ పోతుంది, పడకుండా నిలబడే నిలకడ పోతుంది. ఎప్పుడో ఒక రాత్రి ఎవరినీ లేపడం ఇష్టంలేక ఒంటరిగా టాయిలెట్‌కు లేచినప్పుడు, ఆ బలం లేని కాళ్ల మీదే లేవాలి. మా అక్క భయపడే రోజు అప్పుడే వస్తుంది.

కాబట్టి మనిషిని కట్టెయ్యకుండా ఇంటినే మార్చాం. మంచం నుంచి టాయిలెట్ దాకా నేల మీద చిన్న చిన్న లైట్లు. కాలికి చుట్టుకునే చాపలు, వైర్లు తీసేశాం. నిద్ర లేవగానే నిలబడకూడదు, కాళ్లు కిందికి వేసి కాసేపు కూర్చుని అప్పుడు లేవాలి. పెద్ద వయసులో పడుకున్నవాళ్లు హఠాత్తుగా లేస్తే బీపీ పడిపోతుంది. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని డాక్టర్లు సమస్యగా లెక్కిస్తారు. నాన్నకు 26 తగ్గుతోందని అప్పుడే బయటపడింది. అంతకు ముందు ఆయన "కళ్లు తిరుగుతున్నాయిరా" అంటే నీరసం అనుకున్నాం. డాక్టరు బీపీ మాత్ర మోతాదు మార్చాడు, రాత్రి వేసుకునే నిద్రమాత్రను మెల్లమెల్లగా తగ్గించి మాన్పించాడు. పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు జాగ్రత్తపడాల్సిన మందుల జాబితా ఒకటుంది. 1991లో మార్క్ బీర్స్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు కాబట్టి బీర్స్ జాబితా అంటారు. నిద్రమాత్రలు చాలావరకు అందులో ఉన్నాయి, పడిపోయే ప్రమాదం పెంచుతాయని. మన ఇళ్లల్లో ఏళ్లకేళ్లు అదే చీటీ మీద అదే మాత్ర కొంటూ పోతుంటాం. ఆరు నెలలకోసారైనా మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు ముందు కుమ్మరించండి. సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు.

ఆరోగ్యం సంగతి అలా ఉంచితే, ఇంకొకటి నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాన్నకు లెక్కల పుస్తకం రాసే అలవాటు. కరెంటు బిల్లు నుంచి చెప్పుల రిపేరు దాకా ప్రతి పైసా రాసేవాడు. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు బిల్లులన్నీ నా ఫోన్‌లోకి మార్చేశాను. ఆయన తిరిగొచ్చాక ఆ పుస్తకం ఎవరూ ఇవ్వలేదు, ఆయన అడగలేదు. అడగలేదు కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. అడగడం మానేసిన మనిషిని చూసి అనుమానం రావాలి నిజానికి.

ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1976లో ప్రచురించిన ప్రయోగం ఒకటి చాలామంది వినే ఉంటారు. ఒక వృద్ధాశ్రమంలో ఒక అంతస్తువాళ్లకు, మీ గది మీ ఇష్టం, మీ రోజు మీ ఇష్టం అని చెప్పి, నచ్చిన మొక్క తీసుకోమని, దాన్ని పెంచే బాధ్యతా వాళ్లకే ఇచ్చారు. ఇంకో అంతస్తువాళ్లకు, మిమ్మల్ని బాగా చూసుకోవడం మా బాధ్యత అన్నారు. వాళ్లకూ మొక్కలిచ్చారు, నీళ్లు మాత్రం నర్సులే పోస్తారని చెప్పారు. మూడు వారాలకే మొదటి అంతస్తువాళ్లు ఎక్కువ హుషారుగా, చురుగ్గా కనిపించారు. చిన్న ప్రయోగం, దాన్ని పట్టుకుని పెద్ద సిద్ధాంతాలు చేయను. కానీ "మిమ్మల్ని బాగా చూసుకోవడం మా బాధ్యత" అన్న మాట మా ఇంట్లో మేం రోజుకు పదిసార్లు అన్నాం. మంచి మాటే అనుకుంటూ.

పుస్తకం తిరిగి ఇచ్చాను. నాన్న రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు "ఆ నెలల లెక్కలు చెప్పు" అన్నాడు. నా ఫోన్ చూసి ఒక్కొక్కటీ చదివాను. రాత వంకరటింకరగా ఉంది. కేబుల్‌కు రెండుసార్లు కట్టానని పట్టుకున్నాడు. నిజంగానే కట్టాను.

కెమెరా సంగతి. పెట్టేముందు ఆయన్ని అడగలేదు. ఏడాది తర్వాత అడిగాను, ఉంచమంటావా తీసెయ్యమంటావా అని. "నేను బట్టలు మార్చుకునే గదిరా అది" అన్నాడు. అంతే అన్నాడు. ఆ రోజే తీసేశాను. కెమెరా అసలు ఎవరూ పెట్టుకోకూడదని నేననను. అరవై దాటినవాళ్లలో ఆరుగురిలో ఒకరు ఏదో ఒక రకమైన వేధింపుకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, ఆ వేధించేవాళ్లలో ఇంటివాళ్లూ ఉంటారు, బయటివాళ్లూ ఉంటారు. మాట్లాడలేని స్థితిలో ఉన్న మనిషికి అది రక్షణ కావచ్చు. నాన్నకు నోరుంది, బుర్ర పనిచేస్తోంది. అడగాల్సింది.

కొందరు బంధువులకు అసలు మనిషిని పెట్టడమే నచ్చలేదు. "కన్నకొడుకు ఉండి పరాయివాడి చేత చేయిస్తారా" అన్నారు. వాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. ఆ మాట అన్నవాళ్లెవరూ అమ్మ నడుం వైపు చూడలేదు. మనిషి రాకముందు పది రోజులు ఆమే నాన్నను లేపి కూర్చోబెట్టింది. తన బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోయింది, రాత్రి నిద్ర లేదు, ఎవరితోనూ చెప్పలేదు. స్టీవెన్ జారిట్ అనే ఆయన సంరక్షకుల మీద పడే భారాన్ని కొలవడానికి 1980లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. ఇప్పుడు వాడేదాంట్లో 22 ప్రశ్నలుంటాయి. మీకంటూ సమయం మిగలడం లేదని అనిపిస్తోందా, మీరు చూసుకుంటున్న మనిషి పక్కన ఉన్నప్పుడు కోపం వస్తోందా, ఇలా. అమ్మను అడిగాను. కోపం దగ్గర ఆగింది. తర్వాత "వస్తుంది" అంది, ఏదో నేరం ఒప్పుకున్నట్టు.

నేను చెప్పే పద్ధతికి బయటి మనిషి ఇంకా ఎక్కువ అవసరం. గుండీలకు 18 నిమిషాలు ఆగడం అలసిపోయిన మనిషి వల్ల కాదు. పొయ్యి మీద ఏదో ఉంచి వచ్చిన అమ్మ వల్ల కాదు, తొమ్మిదింటికి మీటింగ్ ఉన్న నా వల్ల అసలే కాదు. తొందర ఉన్నవాడు చేసిపెట్టేస్తాడు. ఓపికను మనం డబ్బిచ్చి తెచ్చుకుంటున్నాం అనుకుంటే, స్టూలు మీద కూర్చోవడం కూడా పనే అని అర్థమవుతుంది. అది పని అయినప్పుడు ఆ మనిషికి విశ్రాంతి కూడా ఉండాలి. ఇళ్లలో పనిచేసేవాళ్ల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒడంబడిక, వారానికి వరసగా కనీసం 24 గంటలు సెలవు ఉండాలంటుంది. రాత్రి మూడుసార్లు లేచినవాడు పొద్దున ఓపిక పట్టలేడు. ఇది దయ విషయం కూడా కాదు, లెక్క.

మనిషిని వెతికేటప్పుడు ఇప్పుడు నేనైతే ఒకే ప్రశ్న అడుగుతాను. "మా నాన్న గుండీ పెట్టుకోలేకపోతుంటే నువ్వేం చేస్తావు?" వెంటనే పెట్టేస్తానన్నవాణ్ణి వద్దనను, నేర్పించుకోవచ్చు. కాసేపు చూస్తానన్నవాణ్ణి వదులుకోను.

ఇదంతా నా సొంత తెలివేమీ కాదు. డెన్మార్క్‌లోని ఫ్రెడెరిసియా పట్టణం 2008లోనే ఇలా మొదలుపెట్టింది. ఇంట్లో సాయం కావాలని ఎవరైనా అర్జీ పెట్టుకుంటే, పనిమనిషిని పంపేముందు, ఏం చేయాలని ఉందో వాళ్లనే అడిగి, ఆ పని తిరిగి నేర్పడానికి కొన్ని వారాలు మనుషుల్ని పంపేవాళ్లు. 2015 నుంచి ఆ దేశంలో అది చట్టమే అయింది. కోలుకునే అవకాశం ఉన్నవాళ్లకు పురపాలక సంస్థలు ముందు అలాంటి శిక్షణ ఇవ్వజూపాలి. ఖర్చు తగ్గించుకోవడానికే ఇదంతా అని అక్కడా విమర్శ ఉంది, అదీ నిజమే అయ్యుండొచ్చు. దానివల్ల ముసలాయన మళ్లీ తన చొక్కా తను వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు.

దీనికి హద్దులున్నాయి. జ్వరం వచ్చిన రోజు నాన్నకు అన్నీ చేసిపెడతాం. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లకు, మంచం దిగలేనివాళ్లకు, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లకు లేవమని చెప్పడం క్రూరత్వం. అక్కడ చేయాల్సిన పని వేరు. రెండు గంటలకోసారి పక్క మార్చి ఒంటి మీద పుండ్లు పడకుండా చూడటం, నోరు శుభ్రం చేయడం, నొప్పి కనిపెట్టడం. ఆ స్థితిలో కూడా ఏ చొక్కా అని రెండు చూపించి అడగొచ్చు, కళ్లతో చెప్పినా చెప్పడమే. నాన్న కూడా ఒక్కోసారి "ఇవాళ నువ్వే పెట్టరా" అంటాడు. పెడతాం. వాదించం. అడిగి చేయించుకోవడం వేరు, అడగకముందే అయిపోవడం వేరు.

మొదటాయనకు ఫోన్ చేశాను. చేయడానికి ఐదు నెలలు పట్టింది నాకు. వేరే ఇంట్లో పనిచేస్తున్నాడు, రాలేనన్నాడు. క్షమించమని అడగడానికి చేశాను గానీ మాట సరిగ్గా రాలేదు. ఆ రోజు గుండీలప్పుడు నాన్నతో ఏం మాట్లాడుతున్నావని అడిగాను.

"ఏం మాట్లాడలేదు సార్. మాట్లాడితే సార్‌కి చెయ్యి తడబడుతుంది. కూర్చోవడమే కష్టం సార్ అక్కడ, మన చేతులు ఊరుకోవు. అందుకే ఒళ్లో పెట్టుకుని పట్టుకునేవాణ్ణి."

ఆదివారం కుర్రాడికి సెలవు. ఆ రోజు నాన్న పని నాది. మొన్న ఆదివారం స్నానం అయ్యాక మంచం అంచున కూర్చున్నాడు, నేను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఫోన్ పక్క గదిలో పెట్టి వచ్చాను. మొదటి గుండీ త్వరగానే పడింది. రెండోది పడాల్సిన చోట కాకుండా కింది కాజాలో పడింది. నాకు కనిపించింది, ఆయనకు కనిపించలేదు. మూడోదీ అలాగే తప్పుగా పడింది. నా చేతులు ఒళ్లో ఉన్నాయి, వేళ్లు ఒకదాంట్లో ఒకటి బిగించి పట్టుకున్నాను. నాలుగో గుండీ దగ్గరికి వచ్చేసరికి ఒకవైపు చొక్కా అంచు పొడుగ్గా మిగిలింది. దాన్ని పట్టుకుని కాసేపు చూశాడు. నా మొహంలోకి చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"ముందే తెలుసా నీకు?" అన్నాడు.

"తెలుసు నాన్నా."

"దొంగ వెధవ," అని నవ్వి, గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.